తలుపు మూసిన దగ్గర్నుంచి

తెరపాలెం ఆసుపత్రిలో డయాలసిస్ గదికి తాళం వేసింది మెట్టనగరం రవాణా మండలి. ఆ తాళం చెయ్యడానికి ఇనుము అందించింది నేను. నా పేరు బొడ్డు సూరీడమ్మ. విమానాల రేవులో పిట్టలు తోలుతాను.

మండలి పేరు ముందు రాసి నా పేరు వెనక రాశానని తప్పులో నా వాటా చిన్నదనుకోకండి. ఈ పనివల్ల ఇప్పటికి ఒక మనిషి పోయింది. ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు. కింద ఉన్నవి నేను ఎప్పటికప్పుడు రాసుకున్న నమోదులు. గర్వం తలకెక్కినప్పుడు రాసినవి కూడా ఉన్నాయి. చదివితే సిగ్గేసింది, అయినా దిద్దలేదు.

నమోదు 1

పొద్దున్నే రెక్కలు తుడిచాను. సముద్రం రెండు పక్కలా ఉన్న కరకట్ట మీద రన్‌వే వేస్తే ఇంతే, తెల్లవారేసరికి రెక్కల మీద ఉప్పు పిండి జల్లినట్టుంటుంది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. తర్వాత రేకు డబ్బా వాయిస్తూ కొంగల్ని తోలాను. విమానం దిగింది. పింగాణీ సామాను చుట్టి వచ్చిన కాగితాలన్నీ ఏరుకున్నాను. అందులో సగం కరపత్రాలే. నా చదువంతా వాటిలోనే.

ఇవాళ దొరికిన దాంట్లో గంట చట్టం మొత్తం ఉంది. మెట్టనగరానికి గంట లోపు ప్రయాణంలో ఉన్నది దగ్గర ఊరు. దానికి మహాసభలో ఓటు, పగలూ రాత్రీ కరెంటు. గంట దాటితే దూరపు ఊరు. ఓటు లేదు, కరెంటు పూటకింత. పాత రోడ్లన్నీ మా అవ్వ కాలంలోనే నీళ్ళలోకి పోయాయి కాబట్టి ప్రయాణం అంటే విమానమే. మా ఊరి పేరు పక్కన మండలి ఎప్పుడో "గంటకు పైన" అని రాసి పారేసింది. ఎవరు కొలిచారు? ఎవరూ కొలవలేదు! మా నోరు నొక్కడానికి రాసిన అబద్ధమది.

నేను కొలిచాను. పాత పటం మీద ఈ రేవు నుంచి ఆ రేవుకు తిన్నగా దారం పెట్టాను. నాలుగువందల పది కిలోమీటర్లు. విమానం తలుపు లోపలి రేకు మీద వేగం చెక్కి ఉంది, గంటకు అయిదువందలు. భాగిస్తే నలభై తొమ్మిది నిమిషాలు. మేము దగ్గరివాళ్ళం! ఇన్నేళ్ళూ దగ్గరివాళ్ళమే!

కరపత్రం రాసుకుని మావయ్య ప్రెస్సుకు పరిగెత్తాను. అమ్మ పోయాక నన్ను పెంచింది మా బంగార్రాజు మావయ్యే. ఆయనకు కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు మా ఊరి ఆసుపత్రిలో మిషను మీద పడుకుని, లేచొచ్చి అక్షరాలు పేరుస్తాడు. సూదులు గుచ్చే ఎడమ చేతి నరం తాడులా ఉబ్బి ఉంటుంది. దాని మీద వేలు పెడితే లోపల తేనెటీగ ఉన్నట్టు జుమ్మంటుంది. "నా మోటారు" అంటాడు.

కాగితం చదివి కళ్ళద్దాల మీంచి చూశాడు.

"ఎవులు కొలిసేరే ఈ నలభై తొమ్మిది?"

"లెక్క కొలిసింది."

"లెక్క విమానం ఎక్కిందేటి? ఒకపాలి నువ్వే ఎక్కీసి చూడరాదా? విమానం తోలే నజీరా మేడాన్ని అడిగితే ఎనక సీటు ఇస్తాది."

నాకు ఒళ్ళు మండింది. "భూమి గుండ్రంగుందని సెప్పినోళ్ళు దాని సుట్టూ తిరిగొచ్చేరేటి మావా?"

"ఓలమ్మో!" అని పకపకా నవ్వాడు. "అయితే నాను అచ్చు కొట్టీసి ఊరుకుంటాను. తిరిగేదేదో నువ్వు తిరుగు."

అచ్చు కొట్టాడు, సిరా ఖర్చు తనే పెట్టుకుని. పైన పెద్దక్షరాల్లో నలభై తొమ్మిది.

నమోదు 2

గెలిచాం!

మండలి నుంచి ధనుంజయరావు గారనే అధికారి స్వయంగా వచ్చారు. నేను రాత్రంతా ప్రశ్నలు కూడగట్టుకుని వెళ్ళాను, గొంతు చించుకోవడానికి సిద్ధంగా. ఆయన నాకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. నా కరపత్రాన్ని మడత పడకుండా అట్ట మధ్య పెట్టుకుని తెచ్చారు.

"చాలా చక్కటి లెక్క, అమ్మా. మండలికి ఏ అభ్యంతరమూ లేదు. నలభై తొమ్మిది నిమిషాలనే నమోదు చేస్తున్నాం."

అంతే. ఒక్క ఎదురు మాట లేదు. సత్యం ముందు అధికారం తలవంచుతుందని చదివాను, ఇవాళ చూశాను.

సాయంత్రం కరెంటు వచ్చి పోలేదు. ఊరంతా వీధుల్లోనే ఉంది. ఐసు వ్యాపారం చేసే పోతన్న బాబాయి నాకు దండ వేసి, "ఈ గుంట మన ఊరిని నగరం పక్కకి జరిపీసింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మావయ్య ఒక్కడే వెనక నిలబడి, "ఊరు జరిగితే నా ప్రెస్సు ఏ ఈదిలో తేలిందో సూసుకోవాలి" అన్నాడు. నవ్వుకున్నాం.

నమోదు 3

ఇవాళ సరుకుల విమానం ప్రత్యేకంగా వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు పెద్ద చెక్కపెట్టె ఎక్కించారు, నలుగురు మోశారు. రన్‌వే చివర నారాయణ పక్షుల గుంపు దిగి ఉంది. విమానం బరువుగా ఉంది, పిట్ట తగిలితే ప్రమాదం. నేను చివరిదాకా పరిగెత్తి డబ్బా వాయించి ఒక్కటి లేకుండా తోలాను. పైలట్ చెయ్యెత్తి మెచ్చుకున్నాడు. బాగా పని చేశానని సంతోషంగా ఇంటికి వచ్చాను.

మావయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రికి పట్టుకెళ్ళిన క్యారేజీ మూత తియ్యకుండానే పక్కనుంది.

"ఇవాళ తొందరగా అయిపోనాదా మావా?"

"గదికి తాళం ఏసీసేరే. మిషను పెట్టెలో పెట్టీసి అట్టుకుపోనారంట."

 ఆ పెట్టెకి దారి చేసింది నేనే.

ధనుంజయరావు గారు ఇంకా అతిథి గృహంలోనే ఉన్నారు. వెళ్ళి అరిచాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఆసుపత్రి, ఐసు గోదాము, ఇవన్నీ దూరపు ఊళ్ళకు ఇచ్చేవమ్మా. రాలేరు కాబట్టి ఇస్తాం. దగ్గర ఊరికి రెండో ఆసుపత్రి ఎందుకు? మీవాళ్ళు విమానం ఎక్కితే నలభై తొమ్మిది నిమిషాల్లో నగరంలో ఉంటారు."

"ఎవరన్నారు?"

ఆయన అట్ట తెరిచి నా కరపత్రం నా ముందు పెట్టారు. కోప్పడలేదు, వెక్కిరించలేదు. పెట్టారంతే.

నమోదు 4

మావయ్య నిన్న పొద్దున్న వెళ్ళి ఇవాళ మధ్యాహ్నం వచ్చాడు. మెట్లు దిగుతుంటే పట్టుకున్నాను. ముఖం పాలిపోయి ఉంది.

"నలభై తొమ్మిది ఎప్పుడో దాటిపోనాదే" అన్నాడు. "తలుపు మూసిన కాణ్ణించీ మళ్ళా తీసినదాకా, దగ్గర దగ్గర రెండు గంటలు. బాత్రూం కోసం లెగిస్తే కూకో కూకో అని ఒకటే గోల."

మావయ్య ఇంటివైపు వెళ్ళాక కెప్టెన్ నజీరా మీద పడ్డాను. విమానం నేరుగా ఎందుకు వెళ్ళలేదు, వేగంగా ఎందుకు తోలలేదు అని. ఆమె టోపీ తీసి రెక్క కింద నీడలో నిలబడింది.

"నేరుగా ఎలా వెళ్తాం? మధ్యలో కరెంటు తయారుచేసే అద్దాల పొలాలున్నాయి. వాటి మీద ఎగిరితే కళ్ళు పోతాయి, చుట్టూ తిరగాలి. రేకు మీద రాసిన వేగం పైకి చేరాక వచ్చేది. పైకెక్కడానికి టైము, దిగడానికి టైము. నగరం మీదికి చేరాక కింద ఖాళీ అయ్యేదాకా గాల్లో గిరగిరా తిరగాలి. రోజూ ఇంతే."

"ముందే ఎందుకు సెప్పనేదు?"

"నువ్వెప్పుడు అడిగావు సూరీ? నాలుగేళ్ళుగా నా రెక్కలు తుడుస్తున్నావు. దిగగానే కరపత్రాలున్నాయా అని అడుగుతావు. ప్రయాణం ఎలా జరిగిందని ఒక్కసారి అడగలేదు."

తడిగుడ్డ తీసి రెక్క మళ్ళీ తుడవడం మొదలుపెట్టాను. 

మండలికి ఇది తెలియదా? విమానాలు వాళ్ళవే, అద్దాల పొలాలూ వాళ్ళవే. అన్నీ తెలిసే నా లెక్కకు తలూపారు. ఓటు ఒకటిచ్చి ఆసుపత్రి మిగుల్చుకున్నారు. వాళ్ళు దొంగలు, నిజమే. కానీ దొంగకు ఇంటి వెనక తలుపు తీసి, లోపలికి పిలిచి, దారిలో ఉన్న పిట్టల్ని కూడా తోలిపెట్టింది ఎవరు?

నమోదు 5

మూడు రోజులుగా ఉప్పుమంచు. విమానం రాలేదు. మావయ్య పాదాలు వాచిపోయాయి. నీళ్ళు గ్లాసుతో కాకుండా మూతతో తాగుతున్నాడు.

"నాను తినకూడని ఉప్పులో గాల్లో ఉన్న ఉప్పు కూడా లెక్కేనేటే? అయితే ముక్కు మూసుకుంటాను."

నేను నవ్వలేదు. "నవ్వవే, నీ కోసమే అన్నాను" అన్నాడు. అప్పుడు నవ్వాను. నవ్వుతూనే లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

నమోదు 6

ఎర్రమ్మ అవ్వ పోయింది.

మావయ్యతో పాటు మిషను మీద పడుకునే తొమ్మిదిమందిలో ఆమె పెద్దది. మొదటి రోజే చెప్పేసింది, "నాను గాల్లోకి ఎల్లను, నేల మీద పుట్టేను" అని. అందరూ బతిమాలారు. నేను బతిమాలడానికి వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాను?

ఇవాళ వెళ్ళాను. ఆమె గోడకు నా కరపత్రం అంటించి ఉంది. చదువు రాదు ఆమెకు. మన సూరీడు రాసిందని అంటించుకుందట. చింపేద్దామని చెయ్యి ఎత్తాను. ఆమె మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "ఉండనీ అప్పా, అవ్వకి ఇష్టం" అంది.

నమోదు 7

చట్టంలో తిరుగు కొలత అని ఒకటుంది. అదీ ఒక చిరిగిన కరపత్రంలోనే దొరికింది. ఊరు కోరితే దూరాన్ని మళ్ళీ కొలవాలి. పటం మీద కాదు, నిజం విమానంలో. ఈ రేవులో తలుపు మూసిన దగ్గర్నుంచి ఆ రేవులో తలుపు తెరిచేదాకా. కానీ ఊళ్ళో సగానికి మించి ఇళ్ళవాళ్ళు తలుపు మూసే చోటుకు వచ్చి కళ్ళారా చూడాలి. లేకపోతే ఆ కొలత చెల్లదు.

ధనుంజయరావు గారు తేదీ ఇచ్చారు. ఇస్తూ, "కొలిస్తే మీది మళ్ళీ దూరపు ఊరవుతుంది. మిషను తిరిగి వస్తుంది, నిజమే. ఓటు పోతుంది, కరెంటు పోతుంది. మీవాళ్ళు వస్తారంటారా?" అన్నారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది.

ప్రెస్సు ముందు ఊరి సమావేశం పెట్టాను. పోతన్న బాబాయి లేచాడు.

"ఎనిమిదిమంది కోసం ఊరంతా సీకట్లో కూకోవాలేటే?"

నాకు కోపం వచ్చి స్టూలు ఎత్తి కింద కొట్టాను. ఒక కాలు ఊడింది. మానవత్వం గురించి, ప్రజల ఐక్యత గురించి, నాకు తెలిసిన పెద్దమాటలన్నీ అరిచాను.

"అరవకే గుంటా" అన్నాడు బాబాయి. "మొన్న దగ్గరన్నావు, దండేసేం. ఇయ్యాల దూరమంటున్నావు. రేపేటంటావు? నీ నోటికొచ్చిన లెక్కల్లా మేం మొయ్యాలేటి?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంతకంటే ఘోరం, ఎవరూ నన్ను తిట్టలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. నేను స్టూలు కాలు బిగించుకుంటూ కూర్చున్నాను.

నమోదు 8

ఇవాళ మావయ్యతో నేను విమానం ఎక్కాను. మొదటిసారి.

తలుపు మూశారు. మూశాక చాలాసేపు ఏమీ కాలేదు. ఏదో వేడెక్కాలట. నేను నా లెక్కలో ఈ కూర్చోవడాన్ని వెయ్యలేదు. తర్వాత పరిగెత్తాం, లేచాం. నేను రోజూ తోలే కొంగలు కింద బియ్యపు నూకల్లా కనబడ్డాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మావయ్య నా చేతిలో కాగితపు సంచి పెట్టాడు.

"అలవాటైపోద్ది. నాకయిపోనాదిగా."

అద్దాల పొలాలు వచ్చాయి. కిటికీలకు తెరలు దించమన్నారు. తెర సందులోంచి వచ్చిన వెలుగు గీత మావయ్య ముఖం మీద నెమ్మదిగా పాకుతూ ఉంది. అంటే మేము తిరుగుతున్నాం. నలభై తొమ్మిదో నిమిషం అక్కడే వచ్చింది. నేను గడియారం చూశాను. ఆ నిమిషంలో మావయ్యను నేను నగరంలో దింపేశాను, కరపత్రంలో. ఇక్కడ మాత్రం ఆయన సీటు అంచు పట్టుకుని ఆయాసపడుతున్నాడు.

నగరం మీదికి చేరాం. తెరలు ఎత్తారు. ఆసుపత్రి కనబడింది. మేడ మీద ఎర్ర ప్లస్ గుర్తు, ఆరేసిన దుప్పట్లు, కాంపౌండులో చెట్టు కింద జనం, అన్నీ కనబడుతున్నాయి. విమానం వంగి ఒక చుట్టు తిరిగింది. ఆసుపత్రి కిటికీలోంచి జారిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ జారిపోయింది. మావయ్య తల నా భుజం మీద వాలింది. ఆయన ఎడమ చేతి నరం మీద వేలు పెట్టాను. జుమ్మనడం తెలిసీ తెలియనట్టుంది, తేనెటీగ ఎక్కడో దూరంగా వెళ్ళినట్టు.

"వచ్చీసేమా?" అన్నాడు కళ్ళు తెరవకుండా.

"వచ్చీసేం మావా."

"అబద్దం. నువ్వు అబద్దమాడితే నీ గొంతు అచ్చేసినట్టుంటాది."

 ఆయనే మళ్ళీ అన్నాడు.

"సూరీ, నాను ఆవేళ ఎక్కి సూడమన్నాను గానీ గట్టిగా అనలేదే. నీ కాగితం బాగుంది. సదువుతుంటే నాకూ నిజమే అనిపించీసింది. మనూరు దగ్గరే అనిపించీసింది."

ఆయన నన్ను ఓదార్చడానికి తప్పులో భాగం పంచుకుంటున్నాడు. నేను ఇవ్వలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఆసుపత్రి మరోసారి కిటికీలోకి వచ్చింది.

అప్పుడు అర్థమైంది. ఇన్ని కరపత్రాలు చదివి నేను అడగవలసిన ప్రశ్న అడగలేదు. దూరంగా ఉన్నవాళ్ళకు ఓటెందుకు లేదు, అని అడగాలి. నేను అలా అడగకుండా, మేము దూరం కాదు బాబూ దగ్గరే, అని లెక్క వేసి చూపించాను. అంటే దూరపువాళ్ళను చీకట్లో ఉంచడం న్యాయమేనని ఒప్పుకున్నాను. నా ఊరిని మాత్రం ఆ గీత ఇవతలికి లాక్కున్నాను.

నమోదు 9

ఇది ప్రెస్సులో కూర్చుని రాస్తున్నాను. మావయ్య స్టూలు మీద కూర్చుని చెబుతుంటే అక్షరాలు నేను పేరుస్తున్నాను. ఆయన వేళ్ళు వాచి చిన్నక్షరాలు పట్టుకోలేకపోతున్నాడు. కాలు బిగించిన స్టూలు అదే, కదిలినప్పుడల్లా కిర్రుమంటోంది.

మొదటి వాక్యాలు కట్టాక ఆయన అద్దాలు సర్దుకుని చూశాడు.

"నీ పేరు తీసీనా? మండలి ఒక్కటీ సాల్దేటి?"

"ఉంచు మావా."

"పోతన్నోళ్ళు రాళ్ళేస్తారే."

"దండేసినప్పుడు ఒద్దన్నానేటి?"

ఆయన పెద్దక్షరాల పెట్టె నా వైపు జరిపాడు. తర్వాత, "అయితే పేరు కాస్త పెద్దక్షరాల్లో కట్టు. రాయేసినోడికి గురి తప్పకూడదు" అన్నాడు.

తెరపాలెం వాళ్ళారా, మీరు వస్తే ఏం పోతుందో దాచను. ఓటు పోతుంది. సాయంత్రం దీపాలు పోతాయి. వాటిని మీకు తెచ్చిందీ నేనే, వదులుకోమని అడుగుతున్నదీ నేనే. వాటి కోసం మళ్ళీ కొట్లాడదాం, ఈసారి దూరపు ఊరుగానే, మిగతా దూరపు ఊళ్ళతో కలిసి. ఆ పోట్లాటకు టైము పడుతుంది. ఎనిమిదిమందికి అంత టైము లేదు.

నా మాట నమ్మమని అడగను. నమ్మి ఒకసారి చెడ్డాం. ఇంటికొకరు వచ్చి చూడండి. గడియారం ఉన్నవాళ్ళు గడియారం తెండి, లేనివాళ్ళు ఊరికే వచ్చి నిలబడండి. ఎర్రమ్మ అవ్వ మనవరాలు వస్తానంది, ఆ ఇంటి నుంచి. మావయ్య సీటు కిటికీ పక్కది, మీకు కనబడతాడు. నేను ఆయన పక్కన ఉంటాను. అందుకని ఆ పూట పిట్టలు తోలడానికి నేనుండను. రేకు డబ్బా కంచెకు కట్టి ఉంచుతాను. మీలో ఎవరైనా వాయించండి.

తిరుగు కొలత ఆదివారం, పొద్దున్న ఏడున్నరకు విమానం తలుపు మూస్తారు. ఏడు గంటలకల్లా రేవు కంచె దగ్గరికి రండి.